విజ్ఞానవిశేషములు: పరమాణువు గీచిన గీత

పలాసలో జీడిపప్పు కర్మాగారములను చూచిన సోదరీమణులకు ఈ సంగతి తెలియును. జీడి పిక్కలను వేడిచేసి, పగులగొట్టి, లోపలి పప్పునకు అంటియున్న పొట్టు తీసిన పిమ్మట, దానిని రకములుగా ఏరుట యను పని యొకటి మిగిలియుండును. ఆ పని తఱచుగా స్త్రీలది. ఒక పౌను తూకమునకు 220 మొదలు 240 వఱకు పప్పులు వచ్చినచో అది యొక రకము, 300 మొదలు 320 వఱకు వచ్చినచో అది మఱొక రకము, ధరలు వేఱు. ఒక్కొక్క పప్పును పోల్చి చూచినచో ఈ రెంటికిని నడుమ భేదము అర గ్రాము మాత్రమే. అనుభవముగల చేయి ఆ భేదమును త్రాసు లేకయే పట్టుకొనును. ఇంటి మాటలు, పిల్లల చదువుల మాటలు సాగుచునే యుండును. ఏ గింజ ఏ గంపకు పోవలెనో ఆ గంపకే పోవుచుండును.

ఈ నెల మేము వ్రాయబూనిన విషయమునకును ఇట్టి నేర్పే ఆధారము. ఈ విశ్వము ఏ ధర్మములకు లోబడి నడుచుచున్నది, ఆ ధర్మములు ఎల్లకాలము ఒక్క తీరుననే యుండునా అను ప్రశ్నలు మిక్కిలి పెద్దవి. ఇంత పెద్ద ప్రశ్నలకు జవాబు వెదకువారు ఎంతయో పెద్ద యంత్రములు కట్టుదురని అనుకొందుము. కట్టువారును కలరు. కాని ఒక గదిలో, ఒక బల్లమీద, కంటికి కానరాని పరమాణువులను పట్టి నిలిపి, వాటి వెలుగును పదునెనిమిది దశాంశస్థానముల వఱకు కొలుచుచు, ఆ ప్రశ్నలనే అడుగువారు మఱికొందఱు గలరు. వారి పని యెట్టిదో చెప్పుదుము. అందులో మన తెలుగు నేలకును, ఉద్దానము తీరమునకును గల సంబంధము తక్కువది కాదు.

వంటయింటినుండియే మొదలు పెట్టవచ్చును. ఉప్పు వేసిన పులుసు పొంగి గ్యాసు పొయ్యిమీద పడినపుడు నీలిమంట ఒక్కసారిగా పసుపుపచ్చనగుట అందఱును చూచినదే. ఆ పసుపు ఉప్పులోని సోడియపు పరమాణువులది. పరమాణువులో కేంద్రకము చుట్టును ఎలక్ట్రానులు కొన్ని నియతమైన మెట్లమీదనే యుండును. పై మెట్టునుండి క్రింది మెట్టునకు దిగునపుడు ఆ రెండు మెట్ల యెత్తునకు సరిపడిన వెలుగునే విడుచును. అంతకన్న ఎక్కువ లేదు, తక్కువ లేదు. ఆ వెలుగును గాజు పట్టకముగుండ పోనిచ్చి విడదీసినచో, హరివిల్లులోవలె రంగులన్నియు పఱచుకొనవు. నల్లని తావున రెండు సన్నని పసుపు గీతలు మాత్రము ప్రక్కప్రక్కన నిలుచును. భావనపాడు ఉప్పైనను, జర్మనీ ఉప్పైనను గీతలు అచ్చోటనే పడును. ఇనుమునకు ఇనుము గీతలు, రాగికి రాగి గీతలు. 1859, 1860 సంవత్సరములలో హైడెల్బర్గు నగరమున కిర్హాఫ్, బున్సెన్ అను ఇరువురు పండితులు ఈ మర్మమును విడదీసి చెప్పిరి. నాటినుండి చేతికందని వస్తువును సైతము దాని వెలుగు చూచి గుర్తింప వీలైనది.

ఈ విద్యకు గొప్ప పరీక్ష జరిగినది మన ఆంధ్రదేశముననే. 1868 ఆగస్టు 18వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణము కలిగెను. గ్రహణచ్ఛాయ గుంటూరు, మచిలీపట్టణముల మీదుగా సాగినది. ఫ్రాన్సు దేశమునుండి జాన్సెన్ అను పండితుడు వర్ణపటదర్శినితో గుంటూరు చేరెను. మదరాసు వేధశాలాధికారియగు పాగ్సన్ మచిలీపట్టణమున నిలిచెను. సూర్యబింబము పూర్తిగా మఱుగుపడిన కొలది నిమిషములలో, అంచునుండి ఎగయుచున్న ఎఱ్ఱని జ్వాలలలో ప్రకాశమానమైన గీతలు కానవచ్చెను. ఎఱుపు గీత ఉదజనిది. దానిని జాన్సెన్ గుర్తించెను. ఆ గీతలు ఎంత కాంతితో నుండెననగా, గ్రహణము లేకయే వీనిని చూడవచ్చునని ఆయనకు తోచెను. మఱునాడు గుంటూరులోనే పట్టపగలు చూచెను. ఇంగ్లండున లాక్యర్ అను నాతడు ఈ సంగతి తెలియకయే అక్టోబరులో అదే పని చేసెను. ఇరువురి వార్తలును పారిస్ విద్వత్సభకు ఒక్కనాడే చేరుట, ఇరువురి ముఖములతోను పతకము వేయించుట, ఇవి శాస్త్రచరిత్రలో అరుదైన ముచ్చటలు.

మనకు కావలసినది ఆ జ్వాలలలోని పసుపు గీత. చూచినవారిలో పలువురు అది సోడియముదే అనుకొనిరి. అనుకొనుట సహజము, పసుపు గీత యనగనే సోడియము జ్ఞప్తికి వచ్చును గదా! కాని జాగ్రత్తగా కొలిచి చూడగా అది సోడియపు జంటగీతలకు అతికియుండక కొంచెము ప్రక్కగా నుండెను. ఎంత ప్రక్కగా? తరంగపు నిడివిలో సుమారు 350 వంతులలో ఒక వంతు. జీడిపప్పు ఏరు చేతికి దొరకు భేదముకన్న ఇది చాల సూక్ష్మమైనది. ఇంత చిన్న తేడాను కంటి పొరపాటని త్రోసివేసిన యెడల సంగతి అంతటితో ముగిసియుండును. త్రోసివేయక, భూమిపై నెవ్వరును ఎఱుగని మూలపదార్థము సూర్యునియందు కలదని లాక్యర్ తలంచెను. సూర్యుని గ్రీకు పేరునుబట్టి దానికి హీలియము అని పేరు వచ్చెను. ఇరువది యేడేండ్లు గడచిన పిదప, 1895లో, రామ్సే అను పండితుడు యురేనియముగల ఒక ఖనిజమునుండి వెలువడిన వాయువులో అదే గీతను చూచెను. నేడు ఎం.ఆర్.ఐ. యంత్రములలో అయస్కాంతమును చల్లబఱచుటకు వాడునది ఆ హీలియమే. విశ్వములో ఉదజని తరువాత ఎక్కువగా నున్నదియు అదియే.

గుంటూరులో చూచినవారు పరదేశీయులు. మనవారు ఈ విద్యను చేపట్టుటకు మఱి అఱువదేండ్లు పట్టెను. కోచర్లకోట రంగధామరావుగారు 1898లో బరంపురమున జన్మించిరి. ఆనాడు బరంపురమును, మన టెక్కలి తాలూకాయును ఒక్క గంజాం జిల్లాలోనివే. ఉద్దానము తోటలనుండి బరంపురము పొరుగూరు వంటిది. ఆయన లండనున ఫౌలర్ పండితుని యొద్ద వర్ణపటశాస్త్రము నభ్యసించి వచ్చి, విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వవిద్యాలయములో అందుకు ప్రయోగశాలను నెలకొల్పిరి. శిష్యులను తయారుచేసిరి. వారిలో పుచ్చా వేంకటేశ్వర్లుగారు తరువాత కాన్పూరు ఐ.ఐ.టి.లోను, అమెరికాలో అలబామాలోను ఈ విద్యనే బోధించిరి. విశాఖలో పనిచేసినవారి జీవితమంతయు గీతల లెక్కలతో గడచినదనవచ్చును: ఏ పరమాణువు ఏ గీత గీయును, ఒక్కటిగా కానవచ్చు గీత నిజముగా రెండు గీతలా, నాలుగు గీతలా అని. చూచువారికి ఇది విసుగు పుట్టించు పని. బియ్యములో రాళ్ళేరుట సైతము విసుగు పనియే. ఏరకున్న పంటిక్రింద తెలియును.

ఈ గీతలు ఉద్దానమునకు మఱొక త్రోవను వచ్చినవి. ఆ త్రోవ దుఃఖముతో కూడినది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురము, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలములలో మూత్రపిండముల వ్యాధి యెన్ని యిండ్లను కుదిపివేసినదో అచ్చటి సోదరీమణులకు మేము చెప్పనక్కరలేదు. నడివయస్సు రాకమునుపే పురుషుడు మంచము పట్టగా, వారమునకు రెండు మూడు మారులు డయాలిసిస్‌కు తీసికొనిపోవుచు, తోటపనియు కూలిపనియు తామే చూచుకొను స్త్రీలు ఆ గ్రామములలో అనేకులు. నీటిలో ఏదో యున్నదన్నది అందఱికిని మొదట కలిగిన అనుమానము. ఆ అనుమానమును తేల్చుటకు వచ్చిన పరికరములలో ఒకటి పరమాణువు గీతమీదనే పనిచేయును. 1955లో ఆస్ట్రేలియాలో ఆలన్ వాల్ష్ అను నాయన ఈ పద్ధతిని ప్రకటించెను. సీసము నీటిలో నున్నదా యని తెలియవలెనన్న, సీసపు గీతనే వెలువరించు దీపమొకటి పెట్టుదురు. పరీక్షింపవలసిన నీటిని తుంపరలుగా మంటలోనికి చిమ్ముదురు. నీటిలో సీసపు పరమాణువులున్నచో అవి తమ గీతను తామే మ్రింగివేయును. ఇతర పరమాణువులకు ఆ గీత అక్కఱలేదు. దీపపు వెలుగు ఎంత తఱిగినదో చూచి సీసము ఎంత కలదో చెప్పుదురు. త్రాగునీటిలో సీసము లీటరునకు 0.01 మిల్లీగ్రామును, కాడ్మియము 0.003 మిల్లీగ్రామును మించరాదని మన దేశపు ప్రమాణము. అనగా నూఱుకోట్ల పాళ్ళలో పది పాళ్ళు, మూడు పాళ్ళు. ఇంత స్వల్పమును పట్టుకొనుటకు నాలుకగాని, కన్నుగాని చాలదు.

ఇరువది యేండ్లకు పైగా ఉద్దానపు నీరు, మన్ను, రక్తము అనేక మారులు పరీక్షకు పోయినవి. భారలోహములు, సిలికా, పురుగుమందులు, ఎండలో చాలినంత నీరు త్రాగక పనిచేయుట, నొప్పి మాత్రలు, వంశమున వచ్చు గుణము, ఇట్లు పలు అనుమానములు పరిశీలింపబడినవి. ఫలానిదే కారణమని నిర్ధారణ కాలేదు. "ఇన్ని యంత్రములు పెట్టియు ఏమియు తేల్చలేకపోయిరి" అని కొందఱు నిరాశతో ననుట విన్నాము. ఆ నిరాశ న్యాయమైనదే. అయినను "ఈ నీటిలో సీసము ఇంతకు మించి లేదు" అని ఖండితముగా చెప్పగలుగుట ఊరక పోయిన శ్రమ గాదని మా యభిప్రాయము. తప్పు త్రోవ ఒకటి మూసివేయబడినపుడు వైద్యులు మఱియొక త్రోవను చూతురు. సరిగా కొలవక "లేదు" అన్నవారు మాత్రము ఇరువిధముల నష్టము చేయుదురు. 2023 డిసెంబరు 14న హిరమండలమునుండి వంశధార నీటిని ఉద్దానమునకు గొట్టములద్వారా తెచ్చు పథకమును, పలాసలో 200 పడకల ఆసుపత్రియు, మూత్రపిండముల పరిశోధన కేంద్రమును ప్రారంభింపబడినవి. నీరు మాఱినను పరీక్షలు మానరాదు. మాఱిన నీటిని కొలిచినపుడే పాతనీటి పాత్ర యెంతయో స్పష్టపడును.

"లేదు" అను మాటను ఇంత ఖండితముగా చెప్పగలుగుటయే విశ్వమును గూర్చిన పెద్ద ప్రశ్నలలోను పని. అచ్చటికి పోవుటకు ముందు గడియారమును గూర్చి చెప్పవలెను.

పిల్లల ఉయ్యాలను ఊపువారికి తెలియును: ఉయ్యాల తన తీరున ఊగును, దాని సమయమునకు సరిగా త్రోసినచో అందంగా సాగును, సమయము తప్పి త్రోసినచో తడబడును. పరమాణువును అంతే. సీసియము అను లోహపు పరమాణువు, సెకనుకు 9,192,631,770 మారులు ఊగు రేడియో తరంగమునకు మాత్రమే లొంగి మెట్టు మాఱును. తరంగము ఏమాత్రము తప్పినను లొంగదు. 1955లో ఇంగ్లండున ఎసెన్ అను నాయన సరిగా పనిచేయు సీసియపు గడియారమును నిర్మించెను. 1967లో ప్రపంచ దేశములన్నియు కలిసి, పై సంఖ్య పూర్తియగుటకు పట్టు కాలమే సెకను అని నిర్ణయించినవి. అంతకు మునుపు సెకను భూమి తిరుగుటనుబట్టి యేర్పడినది. భూమి తిరుగుటలో స్వల్పమైన హెచ్చుతగ్గులున్నవి, పరమాణువులో లేవు. మన దేశపు కాలమును ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల ఇట్టి గడియారములతోనే కాపాడుచున్నది.

ఈ గడియారములు సముద్రముపైకి వచ్చినవి. వేటకు పోవు పడవలలో నుండు జి.పి.యస్. పెట్టె చేయునది యొక్కటే: ఆకసమునందలి ఉపగ్రహములనుండి సంకేతము బయలుదేరిన క్షణమునకును, తన్ను చేరిన క్షణమునకును గల భేదమును చూచి దూరము లెక్కించుట. నాలుగు ఉపగ్రహముల దూరములు తెలిసిన యెడల తానున్న చోటు తెలియును. వెలుగు సెకనులో నూఱుకోట్లవ వంతు కాలమున సుమారు ఒక అడుగు దూరము పోవును. కావున ఉపగ్రహములలో పరమాణు గడియారములే ఉండవలెను. ఇందులో నొక వింత. ఎత్తున, భూమ్యాకర్షణ తక్కువగా నున్న చోట, కాలము వడిగా నడచునని ఐన్‌స్టీన్ 1915లో పూర్తిచేసిన సిద్ధాంతము చెప్పుచున్నది. మిక్కిలి వేగముగా పోవువానికి కాలము మెల్లగా నడచునని ఆయన 1905లోనే చెప్పెను. 20,200 కిలోమీటర్ల యెత్తున తిరుగు జి.పి.యస్. గడియారము మొదటి కారణమున రోజునకు సుమారు 45 మైక్రోసెకనులు ముందునకు పోవును, రెండవ కారణమున 7 మైక్రోసెకనులు వెనుకబడును. మిగులు 38. అంత కాలమున వెలుగు పదునొకండు కిలోమీటర్లకు పైగా పోవును! ముందే సవరించి పంపుచున్నారు గనుక సరిపోయినది. విశ్వస్వరూపమును గూర్చిన సిద్ధాంతమొకటి మన జాలరి పడవలో ప్రతిదినము పరీక్షింపబడుచున్నదనుట అతిశయోక్తి కాదు.

సముద్రముపై తానున్న చోటు తెలియుట యెంత ముఖ్యమో శ్రీకాకుళపు తీరమునందలి యిల్లాండ్రను అడుగవలెను. గుజరాతులోని వెరావలుకు పోయి పడవలలో కూలికి కుదిరిన మన జాలరులు, 2018 నవంబరులో, జలసరిహద్దు దాటిరని పాకిస్తానువారిచే పట్టువడిరి. వారిలో ఇరువదిమంది 2020 జనవరిలో వాఘా వద్ద విడుదలైరి. నీటిపై గీత యేది? కంటికి కానరాని ఆ గీతకు ఈవలనున్నామో ఆవలనున్నామో చెప్పగలది ఆ పెట్టె యొక్కటే.

మన దేశము నావిక్ అను పేర సొంత ఉపగ్రహములను నిలుపుకొన్నది. 2013లో ఎగసిన వానిలో మొదటిదానియందు విదేశమునుండి తెచ్చిన రుబీడియము గడియారములు మూడును చెడిపోయినవి. ఉపగ్రహము చక్కగనే తిరుగుచుండెను, గడియారములు లేకున్న దారి చెప్పు పనికి అది పనికిరాలేదు. చమురు లేని దీపపు కుందెవలె నుండెను. తరువాత అహమదాబాదులోని అంతరిక్ష ఉపయోగ కేంద్రమువారు రుబీడియము గడియారమును ఇచ్చటనే తయారుచేసిరి. అది ఎన్.వి.ఎస్. 01 అను ఉపగ్రహములో కూర్చబడి, 2023 మే 29న మన శ్రీహరికోటనుండి ఎగసినది.

ఇక పెద్ద ప్రశ్న. పరమాణువు గీత ఎల్లచోట్ల, ఎల్లవేళల ఒక్కటియే యని ఇంతవఱకు నమ్మి వ్రాసితిమి. నిజముగా అంతేనా? గీతల స్థానమును నిర్ణయించునది విద్యుత్తు బలమును తెలుపు సంఖ్య యొకటి. దాని విలువ సుమారు 137లో ఒక వంతు. ఈ 137 ఎందుకు, 130 ఎందుకు గాదు, అని అడిగిన నేటివఱకు ఎవ్వరును చెప్పలేదు. అది వేయికోట్ల యేండ్ల క్రిందట కూడ అంతే యుండెనా? కొంచెము భేదించియున్నచో గీతలు నేటి స్థానములలో నుండవు. అది చాలినంత భేదించినచో నక్షత్రములలో కర్బనము ఏర్పడు తీరే మాఱిపోవును. కర్బనము లేనిదే అన్నము లేదు, తినువారు లేరు.

దీనిని కొలుచుటలో నొక చిక్కు కలదు. ఇంటిలో నున్నది ఒక్క సోలయే యైనచో, అది అరిగిపోయినదో లేదో ఆ సోలతోనే కొలిచి తెలిసికొనలేము. వేఱు లోహముతో చేసిన మఱొక సోల కావలెను. రెండును ఒక్క తీరున అరుగవు గనుక, రెంటిని పోల్చిన గుట్టు బయటపడును. శాస్త్రజ్ఞులు చేయునది యిదియే. ఆ సంఖ్య మాఱినచో కొన్ని పరమాణువుల గీతలు ఎక్కువగాను, కొన్నింటివి తక్కువగాను జరుగును. అందుచే ఒక పరమాణువు గడియారమును మఱొక పరమాణువు గడియారముతో ఏటేట సరిచూచుచున్నారు. ఇప్పటి మేలైన గడియారములు రేడియో తరంగములు విడిచి, కంటికి కనిపించు వెలుగు ఊపులనే లెక్కించును. విశ్వము పుట్టి సుమారు 1,380 కోట్ల యేండ్లైనదందురు. నాడే ఇట్టి గడియారమును త్రిప్పియుంచినచో నేటికి ఒక్క సెకను తేడా వచ్చియుండదు. 2022లో అమెరికాలోని బౌల్డర్ నగరమున స్ట్రాన్షియము పరమాణువులతో, ఒక్క మిల్లీమీటరు ఎత్తున కాలము ఎంత వడిగా నడచునో కొలిచిరి. బియ్యపుగింజ మందము చాలును, పైనున్న కాలము వేఱు, క్రిందనున్న కాలము వేఱు.

దూరపు వెలుగును చూచినవారును కలరు. క్వేసారులను కాంతిపుంజములనుండి వందలకోట్ల యేండ్ల క్రిందట బయలుదేరిన వెలుగు దారిలో మేఘములగుండ వచ్చుచు వాటి గీతలను మోసికొని వచ్చును. 1999లో వెబ్ అను పండితుడును ఆయన తోడివారును ఆ పాతగీతలు కొంచెము జరిగి కానవచ్చుచున్నవని, ఆ సంఖ్య పూర్వము స్వల్పముగా తక్కువ యుండెనని ప్రకటించిరి. ప్రపంచమంతటను కలకలము బయలుదేరెను. 2004లో పూనాలోని ఐయూకా సంస్థకు చెందిన శ్రీఆనంద్ గారును, హుం చంద్ గారును, ఫ్రెంచి పండితులతో కలిసి, దక్షిణ అమెరికాలోని పెద్ద దూరదర్శినితో పట్టిన వెలుగును పరిశీలించి, మార్పు కానరాలేదనిరి. వాదము చాలకాలము సాగెను. ఇంతలో జర్మనీలో బ్రౌన్‌ష్వైగ్ నగరమున, ఇటర్బియము అను మూలకపు ఒక్క అయానులో రెండు వేఱు గీతలను కొన్ని యేండ్లు సరిచూచి, ఈ కాలమున ఆ సంఖ్య ఏడాదికి పదివేల కోటికోట్ల వంతులలో రెండు మూడు వంతులకు మించి మాఱుట లేదని 2021లో తెలిపిరి. ఇదియు "లేదు" అను జవాబే. ఇంత సూక్ష్మమైన "లేదు" మునుపెన్నడును చెప్పబడలేదు.

జినీవా చెంత సెర్న్ ప్రయోగశాలలో మఱొక పోలిక జరుగుచున్నది. పదార్థమునకు నీడవంటి ప్రతిపదార్థము కలదు. రెండును సమముగ పుట్టియుండవలసినది, మనకు కనిపించునదంతయు పదార్థమే. రెండవది యేమైనది? ప్రతి-ఉదజని పరమాణువులను చేసి వాటి గీతను ఉదజని గీతతో పోల్చగా, 2018 నాటికి లక్షకోట్ల వంతులలో రెండు వంతుల వఱకు భేదము కానరాలేదు. 2023లో దానిని విడిచి చూడగా మామూలు వస్తువువలె క్రిందికే పడెను. కొందఱు పైకి పోవునేమో యని ఆశించిరి. మేమును కొంత ఆశించితిమి.

ఇప్పుడు మరల భావనపాడునకు వచ్చుచున్నాము. అచ్చటినుండి కళింగపట్నము వఱకు గల తీరపు ఇసుకలో నల్లని చారలు అందఱును చూచియుందురు. అల వెనుకకు పోయినపుడు అవి మెఱయును. నల్లనివి చాలవఱకు ఇల్మనైటు అను ఖనిజపు రేణువులు. వాటి నడుమ అక్కడక్కడ తేనె వన్నె రేణువులు కొన్ని యుండును. అది మోనజైటు. దేశములోని మోనజైటు నిలువలలో మన రాష్ట్రపు వాటా పెద్దది. మోనజైటులో నూటికి ఎనిమిది మొదలు పది పాళ్ళ వఱకు థోరియము ఆక్సైడు కలదు. ఆ పేరు క్రొత్తగా తోచవచ్చును గాని వస్తువు క్రొత్త కాదు. విద్యుత్తు రాని రోజులలో పెండ్లి పందిరిలో వెలిగిన పెట్రోమాక్సు దీపమునకు కట్టిన తెల్లని జాలీ గుర్తున్నదా? అది మండి బూడిదయై, ఆ బూడిదయే తెల్లగా ప్రకాశించెడిది. ఆ బూడిద చాలవఱకు థోరియము ఆక్సైడే. దానిని కనిపెట్టిన వెల్స్‌బాక్ వియన్నా నగరపువాడు.

థోరియములో 229 అను భారముగల జాతి యొకటి కలదు. దాని విశేషమేమనగా, పరమాణువు మధ్యనుండు కేంద్రకమే, ఎలక్ట్రానువలె, వెలుగు తగిలినంతనే మెట్టు మాఱును. ఇతర కేంద్రకములను కదల్చుటకు చాలవఱకు దానికన్న వేలరెట్లు శక్తి కావలెను. దీనితో గడియారము చేయవచ్చునని జర్మనీలో పైక్, టామ్ అను ఇరువురు 2003లో సూచించిరి. ఆ గీత యెచ్చట నున్నదో వెదకుటకు ఇరువదియేండ్లు పట్టినది. 2024 ఏప్రిలులో జర్మనీ, వియన్నా పండితులు, వియన్నాలో పెంచిన స్ఫటికములో థోరియమును పొదిగి, లేజరు వెలుగుతో ఆ కేంద్రకమును మేల్కొలిపిరి. దీపపు జాలీ పుట్టిన యూరనే ఈ స్ఫటికము పెరుగుట ముచ్చటగా లేదా? అదే యేడు సెప్టెంబరులో బౌల్డరువారు ఆ గీతను స్ట్రాన్షియపు గడియారముతో సరిచూచి, అది సెకనుకు 2,020,407,384,335 వేల ఊపులని లెక్క చెప్పిరి. ఇట్టి గడియారముమీద ఎందుకింత ఆసక్తి యనగా, కేంద్రకములో గొప్ప బలములు రెండు ఒకదానినొకటి ఇంచుమించుగా రద్దుచేసికొనుచున్నవి. మిగిలిన కొంచెమే ఆ గీత. కావున 137 అను ఆ సంఖ్య రవంత కదలినను ఈ గీత ఇతర గీతలకన్న వేలరెట్లు ఎక్కువగా కదలును.

మన ఇసుకలోని థోరియము 229 జాతిది కాదు, 232 జాతిది; కాని దానినుండియే త్రోవ యున్నది. అణు రియాక్టరులో న్యూట్రానును మ్రింగినచో అది క్రమముగా యురేనియము 233 అగును. కల్పాక్కములో 1996లో మొదలైన కామిని అను చిన్న రియాక్టరునకు ఇంధనము ఆ యురేనియమే. అది తనంతట నశించుచు విడుచునది థోరియము 229. ఇసుక అణుశక్తి శాసనముల క్రింద నుండుటయు, తవ్వినచో తీరమునకును జాలరులకును ఏమగునను ఆందోళనయు వేఱు సంగతులు. అవి తేలికయైనవి గావు, మఱొక నెల ప్రత్యేకముగా వ్రాయుదుము. పిల్లలు ఆటకు తెచ్చిన నల్లయిసుకను మాత్రము ఇంటిలో దాచనీయక తీరమునకే మరల చేర్చుట మంచిది.

థోరియము 232 సగమునకు తఱుగుటకు సుమారు 1,400 కోట్ల యేండ్లు పట్టును. విశ్వపు వయస్సుకన్న అది కొంచెము ఎక్కువ. నక్షత్రములలో పుట్టిన థోరియములో సగమునకు పైగా ఇంకను ఎచ్చటనో నిలిచియే యున్నది. అందులో కొంత మన భావనపాడు అలలలో తడియుచున్నది. బౌల్డరులో దాని సోదరజాతి గీతను మరల మరల కొలుచుచు, క్రిందటి యేటి అంకె ప్రక్కన ఈ యేటి అంకెను వ్రాయుచున్నారు. వానికి నడుమ భేదము కనబడిన నాడు ఈ పుటలోనే తెలుపుదుము.